బహుధాన్య నామ సంవత్సరపు భాగహారం

గుండ్లవారిపాలెం ప్రాథమిక పాఠశాలలో భాగహారం ఆగిపోయింది జూలై పదకొండో తారీకున, ఉదయం పదకొండుంబావుకు.

ఆ సమయానికి చెన్నకేశవులు మాస్టారు అయిదో తరగతికి తొంభై ఆరును నాలుగుతో భాగించి చూపిస్తున్నారు. తొమ్మిదిలో నాలుగు రెండుసార్లు పోతుందన్నారు. పైన రెండు వేశారు. కింద ఎనిమిది వేసి, గీత గీసి, ఒకటి మిగిలిందన్నారు. ఇక పక్కనున్న ఆరును కిందికి దించాలి. సుద్దముక్క ఆరు దాకా వెళ్ళింది. అంతలో జేబులో ఫోను టింగుమంది.

ఉత్తర్వు వచ్చింది. పంపినవారు ఉపాధ్యాయ సోపాన ప్రాధికార సంస్థ. ఆ సంస్థ పుట్టి అప్పటికి మూడు వారాలు. జ్యోతి ప్రజ్వలన చేసి, ప్రత్యేకంగా రాయించిన పాట పాడించి మరీ దాన్ని ప్రారంభించారని మాస్టారు పేపర్లో చదివారు.

"విద్యా నాణ్యతా పరిరక్షణలో భాగంగా, ఈ క్షణం నుండి ప్రతి ప్రభుత్వ ఉపాధ్యాయుడూ తన సోపాన లైసెన్సు పరిధికి లోబడి మాత్రమే బోధించవలెను. సర్వీసుతో నిమిత్తం లేకుండా అందరూ ప్రథమ సోపానమున ఉన్నట్లు భావించడమైనది. పరిధి దాటిన బోధన శిక్షార్హము."

మొత్తం ఏడు మెట్లు. మొదటి మెట్టు మీదున్న ఉపాధ్యాయుడు అక్షరాలు, అంకెలు, చేతిలో ఏమీ మిగలని కూడికలు చెప్పవచ్చు. చేతిలో ఒకటి మిగిలే కూడిక రెండో మెట్టు. అప్పు తెచ్చుకునే తీసివేతా, ఎక్కాలూ మూడో మెట్టు. శేషం రాని భాగహారం నాలుగు, శేషం వచ్చే భాగహారం అయిదు, భిన్నాలు ఆరు. ఏడో మెట్టు ఎక్కినవారు ఏదైనా చెప్పవచ్చు. కాకపోతే అంత విలువైన వాళ్ళను పిల్లల మధ్య పెట్టి అరగదీయడం న్యాయం కాదని వాళ్ళందరినీ సంస్థ ప్రధాన కార్యాలయంలోనే కూర్చోబెట్టారు.

మాస్టారు ఆరు వంక చూశారు. ఆరు పైనే ఉంది. దాన్ని దించడానికి నాలుగో మెట్టు కావాలి. పోనీ లెక్క మొత్తం చెరిపేద్దామని డస్టరు తీసుకుని, ఎందుకైనా మంచిదని పక్క ఊరి ఉపాధ్యాయుడు మస్తాన్ వలీకి ఫోను చేశారు.

"చెరపబాకండి మాస్టారూ!" అన్నాడు వలీ కంగారుగా. "చెరిపితే సాక్ష్యం మాయం చేసినట్టవుద్ది. పూర్తి చేస్తే నేరం చేసినట్టవుద్ది. ఎక్కడిదక్కడ ఉంచండి. నేను గుణకారం మధ్యలో ఇరుక్కున్నా ఇక్కడ."

అలా ఆ సగం లెక్క నల్లబల్ల ఎడమ పక్కన ఉండిపోయింది. మిగిలిన జాగాలో మాస్టారు చేతిలో ఏమీ మిగలని కూడికలు చెప్పసాగారు. పన్నెండూ మూడూ. ఇరవై రెండూ అయిదూ. అయిదో తరగతి పిల్లలు మొదటి రోజు సరదాగా చేశారు, రెండో రోజు నవ్వుకుంటూ చేశారు, మూడో రోజు చేయడం మానేశారు.

మాస్టారు భక్తిపరుడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నాలుగు ఊళ్ళు తిరిగి, మొట్టమొదట ఉద్యోగం వచ్చిన గుండ్లవారిపాలేనికే మళ్ళీ వచ్చారు. తెల్లవారుజామున లేచి, స్నానం చేసి, రామకోటి నూట ఎనిమిది నామాలు రాసిగాని కాఫీ తాగరు. తిరుమల కొండ పదకొండుసార్లు నడిచి ఎక్కారు. అందుచేత మెట్లంటే ఆయనకు గౌరవమే. పెద్దలు ఏదో ఆలోచించే పెట్టి ఉంటారనుకున్నారు. అయితే రెండో మెట్టు ఎక్కడానికి కావలసిన అర్హత చదివాక ఆయనకు చిన్న సందేహం కలిగింది. రెండో మెట్టు పాఠం చెబుతుండగా తీసిన వీడియో జతపరచాలట. లైసెన్సు లేకుండా రెండో మెట్టు పాఠం చెబితే శిక్షట.

"కొండ మీద ఇట్లా ఉండదే," అన్నారు ఆ సాయంత్రం భార్యతో. "పై మెట్టు మీద నిలబడి ఫొటో దిగితేగాని కింది మెట్టు మీంచి కాలు ఎత్తనివ్వం అని ఎవరూ అనలేదే అలివేలూ!"

"స్వామి దగ్గర జనం తొందరగా పైకి రావాలని ఉంటది. వీళ్ళకి ఆ తొందర లేదేమో," అంది అలివేలు, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

* * *

బడిలో మధ్యాహ్న భోజనం వండే మార్తమ్మకు మాత్రం తొందర ఉంది. ఆమె కూతురు దీవెన అయిదో తరగతి. మార్చి మొదటి ఆదివారం గురుకుల పాఠశాల ప్రవేశపరీక్ష. సీటు వస్తే ఇంటర్ దాకా చదువూ, తిండీ, బట్టా అన్నీ అక్కడే. రాకపోతే మార్తమ్మలాగే అయిదుతో సరి. ఆ ఊళ్ళో ఆరో తరగతి లేదు, ఉన్న ఊరికి బస్సు లేదు. ఆ పరీక్షలో లెక్కలన్నీ తిరిగి తిరిగి భాగహారం దగ్గరికే వస్తాయి.

"ఏంది సారూ, నా బిడ్డకి భాగారాలు చెప్పరంట?" అంది మార్తమ్మ, గరిటె చేత్తోనే తరగతి గుమ్మంలోకి వచ్చి.

"నాకు లైసెన్సు లేదమ్మా."

"నాకు మీరేగా చెప్పింది! చింతగింజలు పోసి, ఇస్తర్లేసి పంచమని. అప్పుడు అక్కర్లేని లైసెన్సు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?"

మాస్టారు తల దించుకున్నారు. మార్తమ్మ ఆయన మొదటి సంవత్సరపు శిష్యురాలు. ఆ తరగతిలో భాగహారం ఆమెకంటే వేగంగా చేసినవాళ్ళు లేరు. అయిదు అయ్యీ అవగానే మిరపకాయ కోతలకు పంపేశారు.

"సరేలెండి," అంది ఆమె చివరికి. "నేనే చెప్పుకుంటా. నాకైతే ఎవుడూ లైసెన్సు పెట్టలా."

ఆ సాయంత్రం నుంచి మార్తమ్మ ఇంటి అరుగు మీద చింతగింజలు పరిచింది. దీవెన పంచడం మొదలుపెట్టింది. మాస్టారు ఆ దారిన పోతూ ఆగి చూసి, తప్పు దొర్లిన చోట నోరు తెరవబోయి, పెదవులు గట్టిగా మూసుకుని, లోపల రామనామం అనుకుంటూ వెళ్ళిపోయేవారు.

* * *

ఆగస్టులో లైసెన్సు దరఖాస్తులు వచ్చాయి. అందులో ఒక గడి: "బోధనలో పూర్వానుభవం, వివరములతో." మాస్టారు ఉన్నది ఉన్నట్టు రాశారు. ఇరవై ఆరు సంవత్సరాలు, అయిదు తరగతులకూ, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, భిన్నాలు.

నెల తిరిగేసరికి రిజిస్టరు పోస్టులో నోటీసు వచ్చింది.

"మీరు స్వహస్తములతో అంగీకరించిన ప్రకారము, సోపాన లైసెన్సు లేకుండా ఇరవై ఆరు సంవత్సరములు భాగహారము బోధించియున్నారు. మీపై చర్య ఏల తీసుకొనరాదో పదిహేను దినములలో తెలియజేయవలెను. మరియు సదరు అనధికార బోధనకు గురియైన వారి పూర్తి జాబితాను, ప్రస్తుత వృత్తితో సహా, మూడు ప్రతులలో సమర్పించవలెను." కింద జిల్లా సోపానాధికారి సంతకం. సంతకం అందంగానే ఉంది గాని ఎవరిదో చదవడం మానవమాత్రులకు సాధ్యం కాదు.

మస్తాన్ వలీ ఫోన్లో తల కొట్టుకున్న చప్పుడు మాస్టారికి వినిపించింది. "అనుభవం ఉందని రాశారా? ఎవురైనా రాస్తారా మాస్టారూ! మేమంతా 'లేదు' అని రాశాం."

"ఉన్నదాన్ని లేదని ఎట్లా రాస్తాం వలీ?"

"మొన్న ఒకాయనకి ఉత్తమ ఉపాధ్యాయుడి శాలువా కప్పినప్పుడు కూడా, నాకేం అనుభవం లేదండీ, తొలిసారి పిల్లల్ని చూస్తన్నా అన్నాడు. ఆయనకి రేపో మాపో రెండో మెట్టు వచ్చుద్దంట."

మాస్టారు బడి ఇనప్పెట్టెలోంచి పాత హాజరు పట్టీలు తీయించారు. మిగతా మూడు ఊళ్ళకూ ఆదివారాలు పోయి అక్కడివి రాసుకొచ్చారు. అలివేలు ఒక కొత్త రామకోటి పుస్తకం ఇచ్చింది. నిలువు గళ్ళూ అడ్డగళ్ళూ గీసి ఉండటంతో పేర్లు రాయడానికి బాగా అనువుగా ఉంది. తెల్లవారుజామున నామాలు అయ్యాక అదే పీట మీద, అదే కలంతో, అదే నిదానంతో పిల్లల పేర్లు రాసేవారు. ఒక్కొక్క పేరు రాస్తుంటే ఒక్కొక్క ముఖం కనిపించేది. చీమిడి ముక్కు కనిపించేది. తప్పు లెక్క కనిపించేది. వేరేవాళ్ళకైతే అది శిక్ష అయ్యేది. మాస్టారికి అది రెండో పారాయణం అయింది.

నలభై రోజులకు పూర్తయింది. అంతా కలిపి వెయ్యీ నూట పదహారుమంది.

"శుభమైన సంఖ్యే వచ్చింది," అన్నారు మాస్టారు, మూడు ప్రతులకూ పసుపు అద్దుతూ.

* * *

జాబితా అందిన సంస్థ దాన్ని చదవలేదు. జాబితాలు చదవడం ఆ కార్యాలయంలో ఎవరి మెట్టూ కాదు. కంప్యూటరులో ఎక్కించారు. కంప్యూటరు వెయ్యీ నూట పదహారు నోటీసులు అచ్చు వేసింది.

"మీరు నేర్చుకొనియున్న భాగహారము అనధికార మూలము నుండి సంక్రమించినదని తేలినందున, లైసెన్సుగల ఉపాధ్యాయుని వద్ద పునర్బోధన పొందువరకు, ఇంటగాని బయటగాని భాగహారమును ఉపయోగించరాదు, ఇతరులకు నేర్పరాదు. ప్రభుత్వ పథకములతో సంబంధమున్నవారు అతిక్రమించినచో సదరు సంబంధము రద్దగును."

పోస్ట్‌మాన్ సంచి మోయలేక మూడు రోజులు పంచాడు. నాలుగో రోజు పంచనన్నాడు. అతనికీ వచ్చింది.

కాలువ మీద లష్కరుగా పనిచేసే దావులూరి చిట్టిబాబుకు వచ్చింది. వారబందీ లెక్క అతనిది. వారానికి నూట అరవై ఎనిమిది గంటలు, ఇరవై నలుగురు రైతులు, ఎవరి వంతు నీళ్ళు వాళ్ళకు వదలాలి. చిట్టిబాబు నోటీసును తూము తలుపుకి అంటించి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "నన్నడగబాకండి. నా భాగారం చెల్లదంట. నీళ్ళు మొత్తంగా వదలమంటే వదుల్తా, మొత్తంగా ఆపమంటే ఆపుతా."

ఆరోగ్య కేంద్రంలో కాంపౌండరు సగం మాత్రలు ఇవ్వడం మానేశాడు. ఇద్దరు జ్వరగాళ్ళు కలిసి వస్తే ఒక మాత్ర ఇచ్చి, మీలో మీరు చూసుకోండన్నాడు. పడమటి వీధిలో ఒకామె ముగ్గురు కొడుకుల ముందు కోడికూర గిన్నె పెట్టి, "నాకు నోటీసుంది నాయనా, పంచను. మీ అదృష్టం," అని అవతలికి పోయింది. పెద్దవాడి అదృష్టం బాగుంది.

ఊరు ఉక్కిరిబిక్కిరైంది. కాలువ చివరి పొలాల రైతులు ట్రాక్టరు కట్టుకుని జిల్లా కార్యాలయానికి పోయి, లోపలి గుమాస్తా మీద కేకలేసి వచ్చారు.

మాస్టారికి అవేవీ అంతగా తగల్లేదు. మార్తమ్మ తగిలింది. ఆమె మధ్యాహ్నం పిల్లలందరికీ వడ్డించాక, చేయి కొంగుకు తుడుచుకుని, మడిచిన కాగితం ఆయన బల్ల మీద పెట్టింది.

"నా పేరు కూడా రాశారా సారూ?"

మాస్టారు కాగితం మడత విప్పారు.

"అరుగు మీద గింజలు తీసేశా. తీయకపోతే వంటపని పోద్దంట. పిల్ల నాలుగంకెల లెక్క దాకా వచ్చింది సారూ. ఇంకొక్క నెల ఆగి రాయకపోయారా?" ఆమె గొంతులో కోపం కూడా లేదు. "మీరు అబద్ధం రాయరని తెలుసులే. నేనే ఆ బడికి రాకుండా ఉండాల్సింది."

ఆమె వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మాస్టారు మార్తమ్మ ఇంటి దారిన పోలేదు. చుట్టు తిరిగి పోయారు. మర్నాడు రామకోటి రాస్తుంటే నూట ఎనిమిది పూర్తికాలేదు. "దేవుడి పేరు రాసే చేత్తో ఆ పిల్ల దారికి అడ్డం గీత గీశానే అలివేలూ," అన్నారు.

అలివేలు కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. "పేర్లు రాయమన్నది వాళ్ళు. రాసింది మీరు. చదవకుండా నోటీసులు కొట్టింది వాళ్ళు. పాపం ఎవరెవరికెంతో పంచుదామంటే మనింట్లో ఎవరికీ లైసెన్సు లేదు. కాఫీ తాగండి."

* * *

జనవరి మొదటి వారంలో బడి ముందు జీపు ఆగింది. జిల్లా సోపానాధికారి దిగాడు. ముప్ఫై ఆరేళ్ళవాడు, ఇస్త్రీ చొక్కా, మెడలో నీలం తాడుకి వేలాడే కార్డు మీద ఆరు నక్షత్రాలు. చేతిలో ఒక రిజిస్టరు కవరు. లోపలికి వచ్చి నల్లబల్ల వంక చూశాడు. ఎడమ పక్కన తొంభై ఆరు అలాగే ఉంది.

"దీని స్థితి ఏమిటి?"

"జూలై పదకొండు నుంచి యథాస్థితిలో ఉందండి," అన్నారు మాస్టారు.

అధికారి తృప్తిగా తల ఊపి, పిల్లల్ని బయటికి పంపించి, చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు.

"సార్, నేను ఫణిని."

"తెలుసు నాయనా. బొల్లా ఫణిభూషణం. హాజరు పట్టీలో పదిహేడు. కిటికీ పక్కన కూర్చునేవాడివి. శేషం వస్తే ఏడ్చేవాడివి."

అధికారి చెవులు ఎర్రబడ్డాయి. అది నిజమే. చింతగింజలు పంచాక ఒకటో రెండో మిగిలిపోతే ఆ కుర్రవాడు తట్టుకోలేకపోయేవాడు. ఎవరికీ చెందకుండా ఏదీ మిగలకూడదనేవాడు. అప్పుడు మాస్టారు ఆ గింజను తీసి గోడమీది రాములవారి పటం కింద పెట్టి, "మిగిలింది దేవుడిది. ఊరుకో," అనేవారు.

"నాకు నోటీసు వచ్చింది సార్."

"ఎవరు పంపారు నాయనా?"

"నేనే," అన్నాడు ఫణిభూషణం, కవరు ముందుకు తోస్తూ. "నా సంతకమే. సంజాయిషీ ఇవ్వమని నేనే నాకు పదిహేను రోజులు గడువిచ్చాను. ఇవాళ పద్నాలుగో రోజు."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివారు. అంతా నియమం ప్రకారమే ఉంది.

"ఇంక భాగహారం వాడకూడదు కదా నువ్వు."

"వాడకుండా ఎట్లా సార్? సోపాన ప్రగతి శాతాలని వారం వారం పైకి పంపేది నేనే. శాతమంటే భాగహారమే కదా. రెండు వారాలుగా 'ప్రగతి గణనీయముగా ఉన్నది' అని పంపుతున్నా. గణనీయమంటే ఎంత అని అడుగుతున్నారు."

"నాకొక సందేహం నాయనా. పెద్ద చదువులు చదివినవాడివి, తప్పయితే దిద్దు. నా దగ్గర నేర్చుకున్నది చెల్లకపోతే, దాని మీద నువ్వు రాసిన పరీక్షలు చెల్లుతాయా?"

"చెల్లవు."

"పరీక్షలు చెల్లకపోతే ఉద్యోగం?"

"చెల్లదు."

"అయితే ఈ నోటీసు మీద నీ సంతకం చెల్లదు. సంతకం చెల్లకపోతే నోటీసు చెల్లదు. నోటీసు చెల్లకపోతే నువ్వు నేర్చుకున్నది చెల్లినట్టే."

ఫణిభూషణం ముఖం వికసించింది. "అంతే సార్! అంతే!"

"అది చెల్లితే పరీక్షలు చెల్లుతాయి. ఉద్యోగం చెల్లుతుంది. సంతకం చెల్లుతుంది. అప్పుడీ నోటీసు కూడా..."

"ఆపండి సార్! కళ్ళు తిరుగుతున్నయి," అని గుమ్మంలో నిలబడి వింటున్న జీపు డ్రైవరు మెట్ల మీద కూలబడ్డాడు.

వంటపాకలో మార్తమ్మ తిరగమోత పెడుతున్న చప్పుడు వచ్చింది.

"ఇంత తిరగడమెందుకు నాయనా," అన్నారు మాస్టారు మెల్లగా. "ఈ నిబంధన తీసేయమని పైవాళ్ళకి చెప్పరాదూ?"

"తీయడానికి వీల్లేదు సార్. పాట కూడా రాయించాం."

* * *

ఏడో మెట్టువాళ్ళు మూడు రోజులు సమావేశమయ్యారు. నిబంధన తీసేస్తే సంస్థ పోతుంది. తీయకపోతే అధికారి పోతాడు. ఇంకా వెతికితే, సమావేశంలో కూర్చున్నవాళ్ళంతా ఎవరో ఒక లైసెన్సు లేని మాస్టారి దగ్గర భాగహారం నేర్చుకున్నవాళ్ళే. ఈ సంగతి మూడో రోజు భోజనాల వేళకు ఒకాయనకు తట్టింది. అందరూ విస్తళ్ళ ముందు నుంచి లేచి మళ్ళీ గదిలోకి పోయారు. సాయంత్రానికి ఉత్తర్వు సిద్ధమైంది.

"విశేష సందర్భముగా పరిగణించి, శ్రీ చెన్నకేశవులు గారికి 1998–99 విద్యా సంవత్సరమునకు మాత్రమే, వెనుకటి తేదీ నుండి వర్తించునట్లు, ఏడవ సోపాన లైసెన్సు మంజూరు చేయడమైనది. సదరు సంవత్సరమున సదరు ఉపాధ్యాయుడు బోధించిన, బోధించుచున్న, బోధించబోవు సమస్త గణితమూ సర్వకాలములయందు చెల్లుబాటగును. ఇతర సంవత్సరములకు ఇది వర్తించదు."

ఫణిభూషణం అయిదో తరగతి చదివిన సంవత్సరం అదే. అతని భాగహారం చెల్లింది. ఉద్యోగం నిలబడింది. ఏ అవకాశమూ వదలకూడదని గుమాస్తా అలవాటు కొద్దీ జరిగినదీ, జరుగుతున్నదీ, జరగబోయేదీ మూడూ చేర్చాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మాస్టారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారు. ఇంటికి తెచ్చి దేవుడి ముందు పెట్టి నాలుగోసారి చదివారు.

"అలివేలూ, తొంభై ఎనిమిది అంటే ఏ సంవత్సరం?"

"బహుధాన్య. మన పెళ్ళయిన మరుసటి ఏడు."

"ఆ సంవత్సరంలో చెప్పబోయేది కూడా చెల్లుతుందట. అంటే బడిలో బోర్డు మీద ఆ తేదీ వేసి చెబితే... తప్పవుతుందంటావా? ఉన్న కాలాన్ని లేదనడం అబద్ధం కాదూ?"

అలివేలు పూలదండ గుచ్చుతూ ఆలోచించింది. "రాములవారి పెళ్ళి ఎప్పుడయిందండీ?"

"త్రేతాయుగంలో."

"మరి మనం ఏటేటా పందిరేసి, తలంబ్రాలు పోసి, ఇప్పుడే అవుతున్నట్టు చేస్తాంగా. పానకం కూడా తాగుతాం. అది అబద్ధమైతే ఇదీ అబద్ధమే. అది కాకపోతే ఇదీ కాదు."

మాస్టారు లేచి కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు.

* * *

మర్నాడు నల్లబల్ల పైన తేదీ పడింది: 18 జనవరి 1999. ఇనప్పెట్టెలోంచి ఆ ఏటి హాజరు పట్టీ వచ్చింది. ఆ సంవత్సరం అన్నప్పుడు ఆ సంవత్సరపు పేర్లే పిలవాలి కదా. దీవెననూ మిగతా పిల్లలనూ మాస్టారు విడి కాగితం మీద పెన్సిలుతో రాసి చివర పెట్టుకున్నారు. పాత పట్టీలో కొత్త పేరేదీ చేర్చలేదు.

"ఒకటి, ఆరె ఏసుబాబు."

"మా నాన్న సార్. మిరపతోటకి నీళ్ళు కట్టడానికి పోయాడు."

"గైర్హాజరు. రెండు, కుంచాల ఆదిలక్ష్మి."

"మా పిన్ని సార్. గుంటూర్లో ఉంది."

పిల్లలకు ఇది బ్రహ్మాండమైన ఆటలా తోచింది. తల్లిదండ్రులు బడి ఎగ్గొట్టినట్టు రుజువు కావడం ఎవరికి మాత్రం ఇష్టం ఉండదు? ముప్ఫై ఒకటో నంబరు పిలవగానే వంటపాకలోంచి కేక వచ్చింది.

"ఉన్నా సారూ! పప్పు పొయ్యి మీదుంది!"

"హాజరు," అని మాస్టారు వేశారు. తర్వాత దీవెనను బోర్డు దగ్గరికి పిలిచి సుద్దముక్క చేతికిచ్చారు. ఆరు నెలల ఏడు రోజులుగా పైన వేలాడుతున్న ఆరును ఆ పిల్ల కిందికి దించింది. పదహారులో నాలుగు నాలుగుసార్లు. శేషం సున్న.

ఆ మొదటి ఆదివారమే పెద్దవాళ్ళు వరస కట్టారు. లష్కరు చిట్టిబాబు, కాంపౌండరు, పోస్ట్‌మాన్, పడమటి వీధి ఆమే, ఆమె వెనక ఆకలితో మూడో కొడుకూ బెంచీల మీద ఇరుక్కుని కూర్చుని, 1999లో ఒక గంట పునర్బోధన పొంది, వర్తమానంలోకి వెళ్ళిపోయారు. సాయంత్రానికి కాలువ చివరి పొలాలకు నీళ్ళందాయి.

దీవెన రోజూ 1999లో భాగహారాలు చేసి, మధ్యాహ్నం బెల్లు కొట్టాక ఈ ఏట్లోకి వచ్చి అన్నం తినేది. మార్తమ్మ మళ్ళీ అరుగు మీద గింజలు పరిచింది. మాస్టారు మళ్ళీ ఆ దారిన పోసాగారు. తప్పు దొర్లితే ఆగి చెప్పేవారు. అయితే ముందుగా జేబులోంచి చిన్న సుద్దముక్క తీసి, అరుగు మీద తేదీ వేసి చెప్పేవారు.

* * *

ఏప్రిల్ రెండో వారం, ఉదయం ప్రార్థన అయ్యాక, జీపు మళ్ళీ వచ్చింది. ఫణిభూషణం చేతిలో ఫైలు ఉంది. ముఖంలో సంగతి తెలియలేదు.

"విచారణకు వచ్చాను," అన్నాడు గుమ్మంలోనే నిలబడి. "గురుకుల ప్రవేశపరీక్ష ఫలితాలు వచ్చాయి. ఈ బడి నుండి కుమారి దీవెనకు సీటు వచ్చింది. లెక్కల్లో యాభైకి నలభై తొమ్మిది. ప్రథమ సోపాన ఉపాధ్యాయుని వద్ద చదివిన బాలిక భాగహారములు ఎటుల చేసెనో నివేదిక పంపమని పైనుండి ఆదేశం."

వంటపాకలో ఏదో గిన్నె కింద పడి దొర్లింది. ఆపైన మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పాక గుంజను ఆనుకుని నిలబడటం కిటికీలోంచి కనిపించింది.

మాస్టారు రెండు చేతులూ ఎత్తి గోడమీది పటానికి దణ్ణం పెట్టారు. "యాభైలో నలభై తొమ్మిది. ఒకటి మిగిలింది. అది ఆయనది," అనుకున్నారు. తర్వాత అధికారి వైపు తిరిగి, వేలితో నల్లబల్ల పైకి చూపించారు.

"ఈ బడిలో ఇవాళ 12 ఏప్రిల్ 1999 నాయనా. నీ ఉత్తర్వు ప్రకారమే."

ఫణిభూషణం తేదీ చూశాడు. ఫైలు తెరిచాడు. ఉత్తర్వులో జరిగినదీ, జరుగుతున్నదీ, జరగబోయేదీ అన్న మాటల దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. కోప్పడాలా నవ్వాలా అన్నదానికి మార్గదర్శకాలు ఉన్నాయేమోనని వెతికినట్టు పేజీలు అటూ ఇటూ తిప్పాడు. లేవు.

"కూర్చో నాయనా. హాజరు పిలిచే వేళయింది. అయ్యాక రాసుకుందాం," అన్నారు మాస్టారు. పట్టీ తెరిచారు. ఒకటి పిలిచారు, రెండు పిలిచారు. మిరపతోటలో ఉన్నాడు, గుంటూర్లో ఉంది, ఇంకా నిద్ర లేవలేదు అని పిల్లలు ఉత్సాహంగా చెబుతున్నారు. పదహారయింది.

"పదిహేడు, బొల్లా ఫణిభూషణం."

తరగతి అంతా వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది. ఫణిభూషణం మెడలోని కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. కిటికీ పక్క బెంచీలో ఒక పిల్లను కాస్త జరగమని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రెజెంట్ సార్."